చిటికెనవేలి వైపు నుంచి వచ్చే కత్తి

2009 చివర్లో 'స్టార్ వార్స్: ది ఫోర్స్ అన్‌లీష్డ్' పీసీలకు వచ్చినప్పుడు, నా కంప్యూటర్‌లోని పాత గ్రాఫిక్స్ కార్డు దానిని మోయలేక మూలిగేది. కన్సోళ్లలో ఆ ఆట అంతకు ముందు ఏడాదే వచ్చింది. నా తెర మీద మాత్రం కథానాయకుడు, బొమ్మల పుస్తకం పేజీలు ఎవరో తీరిగ్గా తిప్పుతున్నట్టు, ఒక్కొక్క అడుగూ విడివిడిగా వేస్తూ కనబడేవాడు. ఆ నత్తనడక వల్ల నాకు ఒక మేలు జరిగింది. స్టార్‌కిల్లర్ అనే ఆ కుర్రవాడు తన లైట్‌సేబర్‌ను, అంటే వెలుగు కత్తిని, అందరిలా పట్టుకోలేదన్న సంగతి, మంచి కంప్యూటర్‌లో ఆడి ఉంటే అంత తొందరగా నా కంట పడేది కాదేమో. వెలుగుతున్న ఆ అలుగు బొటనవేలి వైపు నుంచి ముందుకు పోవడం లేదు. చిటికెనవేలి వైపు నుంచి బయలుదేరి, ముంజేతి పక్కగా వెనక్కి పోతోంది.

గేమర్ల మాటల్లో దీని పేరు రివర్స్ గ్రిప్. తెలుగులో తిరగేసిన పట్టు అనుకోవచ్చు. ఆనాటి నుంచి ఏ కొత్త ఆట మొదలుపెట్టినా కథానాయకుడి ముఖం కంటే ముందు అతని పిడికిలి వంక చూడటం నాకు అలవాటైపోయింది. ఇన్నేళ్లుగా చూడగా నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. తిరగేసిన పట్టు చూడటానికి దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది. కాని ఆ పట్టు వల్ల పోయేదేమిటో, వచ్చేదేమిటో ఆటగాడి చేతికి తెలిసేలా చేసిన ఆటల్లోనే అది వేషంగా కాక పనిగా కనిపిస్తుంది.

ముందు ఆ పట్టు ఎలాంటిదో చూద్దాం. పొలంలో గునపంతో గుంట తవ్వే మనిషిని తలుచుకుంటే చాలు. మొన నేల వైపు ఉంటుంది, రెండు పిడికిళ్లూ పైన ఉంటాయి, దెబ్బలోని బలమంతా భుజాల నుంచీ వీపు నుంచీ కిందికి దిగుతుంది. చెరుకురసం బండి దగ్గర ఐసు గడ్డను పొడిచి ముక్కలు చేసే కుర్రవాడి చేయి కూడా అలాగే ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు ఈ పట్టుకు పెట్టుకున్న మారుపేరు కూడా ఐసు పొడిచే పనిముట్టు మీదుగా వచ్చినదే. అంటే పై నుంచి కిందికి, దగ్గరగా, బలంగా పొడవడానికి ఇది సహజమైన పట్టు. దూరంగా ఉన్నవాడిని అందుకోవడానికి మాత్రం ఇది పనికిరాదు.

ఈ రెండో సంగతిని నేను మా మేడ మీద గొడుగుతో తేల్చుకున్నాను. మామూలుగా పట్టుకుని చేయి చాపితే గొడుగు మొన ఎదురుగా నిలబడ్డ మా బావమరిది చొక్కా బొత్తాన్ని సులువుగా తాకింది. అదే గొడుగును తిరగేసి పట్టుకుని అదే చోట నిలబడితే, నా పిడికిలి దాటి ముందుకు వెళ్లేది ఏమీ లేకపోయింది. మొన కాస్త తిన్నగా తగలాలంటే మోచేతిని విచిత్రంగా పైకెత్తి, ఒకటిన్నర అడుగు ముందుకు జరగవలసి వచ్చింది. ఆ జరిగే లోపల అతను తన చేతిలోని చీపురుకర్రతో నా పొట్టలో రెండుసార్లు పొడిచాడు. జపాన్ కటానా అలుగు ఇంచుమించు 70 సెంటీమీటర్లు ఉంటుంది. దానిని తిరగేసి పట్టుకోవడమంటే ఆ 70 సెంటీమీటర్లను ప్రత్యర్థికి ఉచితంగా ఇచ్చేయడమే. మణికట్టు తిరిగే మేర కూడా తగ్గిపోతుంది, కోత సగం గీతలోనే ఆగిపోతుంది.

అలాగని ఇదంతా ఆటలవాళ్లు పుట్టించిన కల్పన కాదు. 1400ల తొలి ఏళ్లలో ఇటలీలో కత్తిసాము నేర్పిన ఫియోరె దెయి లిబెరి తన చిత్రాల గ్రంథంలో పిడిబాకు విద్యకు పెద్ద భాగం కేటాయించాడు; అందులో చాలా బొమ్మల్లో బాకు తిరగేసిన పట్టులోనే ఉంటుంది. ఇనుప కవచం తొడుక్కున్నవాడిని కోయడం కుదరదు కనుక, కలబడి, కవచం అతుకుల సందు వెతికి, మొనను బలంగా దించాలి. ఆ పనికి గునపం పట్టే సరైనది. పైగా ముంజేతి పక్కగా ఉన్న అలుగు ఎదుటివాడి మణికట్టును కొక్కెంలా పట్టి మెలితిప్పడానికీ ఉపయోగపడుతుంది. ఫిలిప్పీన్స్ కత్తి విద్యలో ఈ పట్టును పకాల్ అంటారు. అక్కడ వాదర లోపలికి, అంటే తన వైపుకే, తిరిగి ఉండేలా పట్టుకునే పద్ధతి కూడా ఉంది. మొత్తం మీద చరిత్రలో తిరగేసిన పట్టు చిన్న బాకుల సొత్తు. పొడవాటి కత్తిని అలా పట్టుకున్నవారు అరుదు.

మరి పొడవాటి కత్తికి ఈ పట్టు ఎలా అంటుకుంది? దీనికి నాకు కనిపించే పెద్ద కారణం 1962లో జపాన్‌లో మొదలైన జాటోయిచి సినిమాలు. షింటారో కాట్సు నటించిన జాటోయిచి, ఒళ్లు మర్దన చేసి బతికే గుడ్డివాడు, చేతికర్రలో కత్తి దాచుకుని తిరుగుతాడు. చేతికర్రను ఎవరైనా పై నుంచి గుప్పిట పట్టి నేలకు ఆనిస్తారు. ఆ గుప్పిటను మార్చకుండా అలాగే పైకి లాగితే కత్తి చిటికెనవేలి వైపు నుంచే వస్తుంది. అంటే అతనిది గొప్ప కోసం పట్టిన పట్టు కాదు, కర్ర పట్టుకునే అలవాటులోంచి వచ్చిన పట్టు. అతను ఎప్పుడూ శత్రువులను దగ్గరికి రానిచ్చి, వాళ్ల అడుగుల చప్పుడు వింటూ, చేతికి అందేంత దూరంలో ఉండగా కోస్తాడు. నష్టం, లాభం రెండూ పాత్రలోనే ఇమిడి ఉన్నాయి. ఆ తర్వాత నింజాలకూ దొంగలకూ హంతకులకూ ఈ పట్టును అరువిచ్చినవారిలో చాలామంది ఆ కర్రను మాత్రం వదిలేశారు.

పోరాట ఆటల్లో దీనిని తొలిరోజుల్లోనే చక్కగా వాడుకున్నది 1993లో ఎస్ఎన్‌కే అనే జపాన్ కంపెనీ తెచ్చిన 'సామురాయ్ షోడౌన్'. అందులో నకోరురు అనే, జపాన్ ఉత్తరాది ఆదివాసులైన ఐను జాతి అమ్మాయి చిన్న కత్తిని తిరగేసి పట్టుకుంటుంది, వెంట మమహాహ అనే డేగ ఉంటుంది. ఎదురుగా హవోమారు పొడవాటి కత్తిని రెండు చేతులతో ఎత్తి, ఒక్క దెబ్బకు సగం ప్రాణం లాగేసే మనిషి. నకోరురు చేయి అంత దూరం అందదు. అందుకే ఆమె డేగను పంపుతుంది, దాని కాళ్లు పట్టుకుని గాలిలో వేలాడుతుంది, కిందుగా దూసుకువస్తుంది. పట్టు వల్ల పోయిన దూరాన్ని పక్షి తీరుస్తుందన్నమాట. ఈ లెక్క ఎవరో కూర్చుని వేసినదో, తయారుచేస్తూ చేస్తూ కుదిరినదో కాని, ఆడుతున్నప్పుడు అది చేతికి తెలుస్తుంది.

నామ్‌కో వారి 'సోల్ ఎడ్జ్'లోనూ, దాని తర్వాత 1998లో వచ్చిన 'సోల్ క్యాలిబర్'లోనూ ఉన్న టాకీ ఇంకా కఠినమైన ఉదాహరణ. ఆమె రెక్కిమారు అనే పొట్టి కత్తిని తిరగేసి పట్టుకునే నింజా. అదే ఆటలో మిట్సురుగి కటానాతోనూ, కిలిక్ పొడవాటి కర్రతోనూ దూరం నుంచే కాపలా కాస్తారు. 'సోల్ క్యాలిబర్'లో పాత్రలు ఎనిమిది వైపులకూ నడవగలరు. టాకీతో ఆడేవారికి ఆ పక్క నడకే ప్రాణం. కర్ర నిలువుగా దిగుతుండగా పక్కకు తప్పుకుని లోపలికి చొరబడ్డాక, ఆ ఇరుకులో ఎదుటివాడి పొడవాటి ఆయుధం అతనికే అడ్డంగా ఉంటుంది, ఆమె చేయి మాత్రం తోక తొక్కిన పాములా ఆడుతుంది. నేను టాకీతో గెలిచిన ఆటలకన్నా ఓడినవి చాలా ఎక్కువ. అయినా ఓడిన ప్రతిసారీ ఎందుకు ఓడానో నాకు తెలిసేది: ఒక జానెడు దూరం తక్కువైంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం 'కింగ్‌డమ్ హార్ట్స్: బర్త్ బై స్లీప్'లోని వెంటస్. 2010 జనవరిలో జపాన్‌లో, చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీ యంత్రం మీద వచ్చిన ఈ ఆటలో ముగ్గురు కథానాయకులు ఉంటారు. టెర్రాది బలం, ఆక్వాది మంత్రవిద్య, వెంటస్‌ది వేగం. ముగ్గురి చేతుల్లోనూ ఉన్నది తాళంచెవి ఆకారంలో ఉండే కీబ్లేడే. వెంటస్ ఒక్కడే దానిని తిరగేసి పట్టుకుంటాడు. తాళంచెవికి వాదర ఉండదు, మొన ఉండదు, దానిని ఎటు పట్టుకుంటే ఏమిటని అడగవచ్చు. పోరాటశాస్త్రం ప్రకారం ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జవాబు కథలో ఉంది. వెంటస్ ముఖమూ, అంతకు ముందు 2005లో ఈ వరుసలోని రెండో భాగంలో వచ్చిన రాక్సస్ అనే కుర్రవాడి ముఖమూ అచ్చం ఒకటే. అదే జుట్టు, అవే కళ్లు. ఇద్దరూ వేరు మనుషులన్న సంగతి కథలో ఎంతో ముఖ్యం. కొత్త కుర్రవాడిని తెర మీద చూసిన పాత అభిమాని అతను రాక్సస్ అనుకోకుండా ఉండాలంటే ముఖం సాయపడదు. అక్కడ పిడికిలి సాయపడుతుంది. కవలలలో ఎవరు ఎవరో నడకను బట్టి చెప్పే తల్లిలాగా, అభిమానులు వెంటస్‌ను అతని చేతిని బట్టి గుర్తుపడతారు. ఆటలో అతని దెబ్బలు గుండ్రంగా, ఒంటిని తిప్పుతూ పడతాయి. చేయి చాపి పొడిచే అవకాశం లేనివాడు ఒళ్లంతా తిప్పక తప్పదు కనుక ఆ కదలిక కూడా పట్టులోంచి పుట్టినట్టే అనిపిస్తుంది.

ఇక్కడ ఆటలు తయారుచేసేవారి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. మూడో మనిషి చూపులో నడిచే ఆటల్లో కెమెరా కథానాయకుడి వీపు వెనక ఉంటుంది. మామూలుగా పట్టిన కత్తి అతనికి ముందు వైపు ఉంటుంది, కనుక సగం సమయం అతని ఒళ్లే దానిని కప్పేస్తుంది. తిరగేసి పట్టిన కత్తి వెనక్కి, అంటే మన వైపుకు వస్తుంది. పరిగెత్తేటప్పుడు అది తోకలా వెంట వస్తుంది, నక్కి కూర్చున్నప్పుడు మోచేతి కింద మెరుస్తుంది, నీడబొమ్మలా నల్లగా చూపించినా పాత్ర ఎవరో తెలిసిపోతుంది. స్టార్‌కిల్లర్ చేతిలో ఎర్రగానో నీలంగానో వెలిగే గీత ఆట పొడవునా కళ్లెదుటే ఉండటానికి ఇదే కారణమని నా నమ్మకం. అందం విషయంలో అతనికి నేను పూర్తి మార్కులు వేస్తాను. పోరాటం విషయంలో వేయలేను. వెనక్కి తిరిగి ఉన్న, అలుగు తగిలితే చాలు చేయి తెగిపోయే ఆయుధాన్ని తన మోచేతికి అంత దగ్గరగా పెట్టుకుని గంతులు వేసేవాడికి ఆ ఆట ఎక్కడా ఏ శిక్షా వేయదు. దూరం తక్కువైనా ఫోర్స్ అనే మంత్రం లాంటి శక్తితో శత్రువును గాలిలోకి లేపి దగ్గరికి లాక్కుంటాడు కనుక ఆ లోటు ఎవరికీ తెలియదు. 2010లో వచ్చిన రెండో భాగంలో రెండు లైట్‌సేబర్లు ఇచ్చి, రెండిటినీ తిరగేయించారు. అందం రెట్టింపైంది, నా సందేహం కూడా రెట్టింపైంది.

దీనికి పూర్తి ఎదురు కొసన ఉన్నది 2004 నాటి 'మెటల్ గేర్ సాలిడ్ 3'. కథ 1964లో సోవియట్ అడవుల్లో నడుస్తుంది. కథానాయకుడు స్నేక్ కుడిచేతిలో పిస్తోలు పట్టుకుని, దానికి ఊతంగా పెట్టిన ఎడమచేతిలోనే కత్తిని తిరగేసి పట్టుకుంటాడు. ఆ ఆటకు సైనిక విషయాల్లో సలహాదారుగా పనిచేసిన మోటోసడా మోరి చలవ వల్ల కావచ్చు, ఆ భంగిమలో ప్రతి వేలికీ ఒక పని ఉంది. కత్తి తిరగేసి ఉంది కనుక ఎడమచేతి వేళ్లు పిస్తోలుకు ఆసరా ఇవ్వగలుగుతున్నాయి. శత్రువు మీదికి వస్తే అదే చేతిని అతని మెడ చుట్టూ వేయగానే అలుగు తనంతట తానే గొంతు దగ్గరికి చేరుతుంది. అక్కడి నుంచి అతనిని ప్రశ్నించాలా, అడ్డు పెట్టుకోవాలా, చంపాలా అన్నది ఆటగాడి ఇష్టం. రెండు చేతులూ కావలసిన పెద్ద తుపాకీ పట్టుకుని ఉంటే ఈ విద్య పనిచేయదు. ఎక్కడా పొడవు కోసం ఆశ లేదు. ఫియోరె బొమ్మల్లోని కలబడే మనుషులు చూస్తే మెచ్చుకునే పట్టు ఇది.

ఇంతకన్నా తెలివైనది, నా లెక్కలో మొత్తం మీద మొదటి స్థానంలో నిలిచేది, 2007లో వాల్వ్ కంపెనీ తెచ్చిన 'టీమ్ ఫోర్ట్రెస్ 2'లోని స్పై అనే గూఢచారి పాత్ర. అతని చేతిలో ఉండేది మడిచే సీతాకోకచిలుక కత్తి. వెనక నుంచి పొడిస్తే ఎంతటివాడైనా ఒక్క దెబ్బకు చస్తాడు, ముందు నుంచి పొడిస్తే గీరినట్టే ఉంటుంది. కాని సరిగ్గా వెనక ఉన్నామో లేదో పరుగు మధ్యలో ఎలా తెలియాలి? ఆ సంగతిని స్పై చేయే చెబుతుంది. దెబ్బ చెల్లే కోణంలోకి రాగానే అతని చేయి పైకి లేచి, కత్తి మొన కిందికి తిరుగుతుంది. కోణం తప్పగానే చేయి మళ్లీ దిగిపోతుంది. తెర మీద గంట మోగదు, అక్షరాలు పడవు, ఎర్ర దీపం వెలగదు. పట్టు మారడమే వార్త. దగ్గరగా, వెనకగా, పై నుంచి కిందికి పొడవడానికే పుట్టిన పట్టును సరిగ్గా ఆ క్షణానికే దాచిపెట్టి, ఆ క్షణాన్ని ఆటగాడికి తెలియజేసే పని కూడా దానికే అప్పగించారు. ఎనిమిదేళ్ల పాటు ఆ ఆట ఆడి నేను స్పైగా ఎన్నడూ రాణించలేదు, అది వేరే సంగతి.

వాల్వ్ వారిదే ఇంకో ఆట మన ఊళ్లలో ఎక్కువ పేరుబడ్డది. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంటర్నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి 'కౌంటర్-స్ట్రైక్ 1.6' ఆడిన తరానికి, తర్వాత 2013 ఆగస్టులో అదే వరుసలోని 'గ్లోబల్ అఫెన్సివ్'లో రంగురంగుల కత్తులు ప్రవేశపెట్టిన రోజులు గుర్తుండే ఉంటాయి. వాటిలో కరాంబిట్ ఒకటి. సుమత్రాలోని మినాంగ్‌కబావ్ ప్రాంతం నుంచి వచ్చిందని చెప్పే ఈ వంపు కత్తి, మన కొడవలిలాగే మొదట పొలం పనిముట్టు అంటారు. పిడి చివర ఒక ఉంగరం ఉంటుంది. అందులో చూపుడువేలు దూర్చి, అలుగు చిటికెనవేలి వైపు నుంచి పులిగోరులా వంగి వచ్చేలా పట్టుకుంటారు. ఆటలో దానివల్ల దెబ్బ బలం పెరగదు, దూరం పెరగదు, ఏ కత్తి అయినా ఒకటే. మరి అందరికీ అదే ఎందుకు కావాలి? మొదటి మనిషి చూపులో, అంటే పాత్ర కళ్లతోనే చూసే ఆటలో, మామూలు బాకు మొన మన నుంచి దూరంగా పోతుంది కనుక దాని అలుగు కుదించుకుపోయి చిన్న ముక్కగా కనబడుతుంది. తిరగేసి పట్టిన కరాంబిట్ అలుగు పక్కవాటుగా, పూర్తిగా, రంగులతో సహా కనబడుతుంది. రంగులు అమ్మేవాడికి ఇంతకన్నా మంచి ప్రదర్శన బల్ల దొరకదు. మీట నొక్కగానే అది వేలి చుట్టూ గిరగిర తిరుగుతుంది. ఆ తిరగడం చూడటం కోసం రౌండ్ మొదట్లో పది మందిమీ పది మూలల్లో నిలబడి కత్తులు తిప్పుకుంటూ ఉండటం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది.

'అందమే కదా, ప్రతి ఆటలోనూ ఒక మీట పెట్టి పట్టు మార్చుకోనివ్వవచ్చు కదా' అని కొందరు అడుగుతుంటారు. అది కనబడినంత తేలిక కాదు. ఆటలో ఆయుధం పాత్ర చేతి ఎముకకు తగిలించిన ఒక బొమ్మ. ఆ బొమ్మను తలకిందులు చేయడం క్షణం పని. కాని మామూలు పట్టు కోసం గీసిన కదలికలన్నీ అలాగే ఉంటాయి కనుక, తిరగేసిన కత్తి మొదటి కోతలోనే పాత్ర తొడలోంచి దూరిపోతుంది. నడక, పరుగు, దూకడం, అడ్డుకోవడం అన్నీ మళ్లీ గీయాలి. అందుకే వందలాది ఆయుధాలు ఉన్న 'ఎల్డెన్ రింగ్' 2022లో వచ్చినప్పుడు దానిలో తిరగేసి పట్టే కత్తులకంటూ ఒక తరగతి లేదు. 2024 జూన్‌లో వచ్చిన అనుబంధం 'షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ'లో ఎనిమిది కొత్త ఆయుధ తరగతులను చేర్చినప్పుడు, వాటిలో ఒకటిగా బ్యాక్‌హ్యాండ్ బ్లేడ్స్ వచ్చాయి. ఆ తరగతి మొత్తంలో ఉన్నవి మూడే మూడు. మూడు కత్తుల కోసం ఒక పూర్తి కదలికల కట్టను గీశారంటే ఆ బృందంలో నాలాంటి పిచ్చివాడు ఒకడైనా ఉండి ఉండాలి.

వాటితో ఆడటం నాకు పదిహేనేళ్ల నిరీక్షణ ఫలించినట్టు అనిపించింది. బ్లైండ్ స్పాట్ అనే విద్యతో ప్రత్యర్థి పక్కకు జారి, అటునుంచి కోయవచ్చు. అంటే దూరం తక్కువన్న సంగతిని ఆట ఒప్పుకుంటుంది, దగ్గరికి చేరే దారిని కూడా తానే చూపిస్తుంది. చిన్నాచితకా సైనికుల దగ్గర ఆ కత్తులు దీపావళి భూచక్రాల్లా తిరిగాయి. ఆ తర్వాత ఎన్సిస్ కోటలో రెల్లానా అనే పెద్ద శత్రువు ఎదురైంది. ఆమె చేతుల్లో రెండు కత్తులు, ఒకటి నిప్పుతో, ఒకటి మంత్రంతో వెలుగుతుంటాయి, రెండూ నా కత్తులకన్నా చాలా పొడవు. మేడ మీద చీపురుకర్ర దెబ్బ తిన్న చోటనే, పొట్టలోనే, ఆమె నన్ను దాదాపు ముప్ఫైసార్లు పొడిచింది. చివరికి సిగ్గుపడుతూనే వాటిని సంచిలో పడేసి, ఒక మామూలు పొడవాటి కత్తిని మామూలుగా పట్టుకుని, నాలుగో ప్రయత్నంలో ఆమెను ఓడించాను. కోట దాటి బయటి మైదానంలోకి వచ్చాక గుర్రాన్ని పిలవబోయి ఆగి, మెనూ తెరిచి, తిరగేసిన కత్తులను మళ్లీ చేతికి తగిలించాను. గుర్రం ఎక్కకుండా కాలినడకనే పరిగెత్తితే అవి వెనక నుంచి కనబడుతూ ఉంటాయి.